నాయన బోనస్, నా ఎర్ర కారు

ఆ రోజుల్లో ఏ కారు ఎన్ని సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుందో నాకు కంఠతా వచ్చు. మా ఇంట్లో బియ్యం కిలో ఎంతకు కొంటున్నారో మాత్రం తెలియదు. (ఇప్పుడు ఇది సరిగ్గా తారుమారైంది.) ఇరవై మూడేళ్ళ వయసు, రేణిగుంట దగ్గర సెల్‌ఫోన్ విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో మొదటి ఉద్యోగం, తిరుపతి నుంచి పోయి రావడానికి కంపెనీ బస్సు. ఆ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, రోడ్డు మీద పోయే కార్లలో ఏవి పనికొచ్చేవో ఏవి పనికిరానివో తీర్పులు చెబుతుండేవాణ్ణి. అలాంటి రోజుల్లో బెంగళూరులో ఎవరో సాఫ్ట్‌వేరాయన తన ఎర్ర కారు అమ్మేస్తున్నాడని తెలిసింది. రెండే తలుపులు, నేలకు జానెడు ఎత్తు, టర్బో ఇంజను, స్టార్ట్ చేస్తే వీధి మొత్తం వెనక్కి తిరిగి చూసే చప్పుడు. ఆయనకు పాప పుట్టిందట, ఇంట్లో ఆవిడ ఆ కారును గుమ్మంలో ఉండనివ్వనన్నదట. ఉన్న డబ్బంతా ఊడ్చి, మిగతాది బ్యాంకు అప్పు తీసుకుని కొనేశాను. (ఆ బ్యాంకు నాకు అప్పెలా ఇచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.)

నాయన దేవస్థానం ఆఫీసులో పనిచేసి ఆ ఏడే రిటైరయ్యాడు. పొద్దున్నే నామం పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెళ్ళడానికి ఆఫీసు లేక ఇంట్లోనే ఆఫీసు నడుపుతున్న కాలమది. కారు ఇంటికొచ్చిన రోజు దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. “ఎనక తలుపులు యాడరా?” అన్నాడు. లేవని చెప్పాను. ఆయన ఇంకోసారి చుట్టూ తిరిగి వచ్చాడు, మొదటిసారి సరిగా చూడలేదేమోనన్న అనుమానంతో. ముందు సీటు వంచి వెనక్కి ఎలా దూరాలో చూపించాను. అమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని దూరబోయి, సగంలో ఇరుక్కుని, నవ్వాపుకోలేక అక్కడే కూలబడింది. ఆమెను బయటికి లాగడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది.

అసలు కథ ఇన్సూరెన్సుతో మొదలైంది. అమ్మకు వరసకు తమ్ముడయ్యే ఒకాయన ఇన్సూరెన్సు ఏజెంటు. మేమంతా ఆయన్ను పాలసీ మామ అనేవాళ్ళం. ఎవరింట్లో పెళ్ళైనా, పురుడైనా, చావైనా ముందు ఆయనే వచ్చేవాడు, చేతిలో సంచీతో. మామ కారు వివరాలన్నీ ఫోన్లో కొట్టి, వచ్చిన అంకెను చూసి, నాకు చూపించకుండా అమ్మను ఒక చెంబు మంచినీళ్ళు తెమ్మన్నాడు. (తనకనుకున్నాను. నాకట.) ఆ అంకె నా మూడు నెలల జీతం. ఒక్క ఏడాదికి. నేను కొన్నది కారా, కారుతోపాటు ఆ ఇన్సూరెన్సు కంపెనీ మేనేజరు కూతురి పెళ్ళి ఖర్చా అని అడిగాను. మామ ఓపికగా విడమరిచి చెప్పాడు. ఇంజను పెద్దదట, సామాన్లన్నీ బయటి దేశం నుంచి రావాలట, ఇలాంటి బండికి పాలసీ ఇవ్వాలంటే పై ఆఫీసు ఒప్పుకోవాలట. వాళ్ళు నా వయసు అడిగారు, లైసెన్సు ఎన్నాళ్ళ కిందటిదని అడిగారు, ఇంతకుముందు ఏం బండి ఉండేదని అడిగారు. కంపెనీ బస్సు అని చెప్పలేక మామ దగ్గి ఊరుకున్నాడట. “అల్లుడా, మన కండ్లకు ఇది కారు. వాళ్ళ కండ్లకు ఇంకా జరగని యాక్సిడెంటు” అన్నాడు.

అప్పుడు మామకు నాయన బోనస్ గుర్తొచ్చింది. తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఏడాదిపాటు ఇన్సూరెన్సు కంపెనీని డబ్బులడక్కుండా ఉంటే, మరుసటి ఏడు కట్టేదాంట్లో కొంత తగ్గిస్తారు. దాన్నే బోనస్ అంటారు. అలా ఏటేటా పెరుగుతూ సగం దాకా పోతుంది. ఒక్కసారి క్లెయిమ్ చేస్తే మళ్ళీ సున్నా. నాయన ఇరవై ఏళ్ళుగా ఒక్కసారి కూడా క్లెయిమ్ చేయలేదు. మా పాత మీగడ రంగు కారును తిరుచానూరులో ఆటో గీకితే సొంత డబ్బుతో రంగు వేయించాడు. కొండమీద కోతి వైపరు విరిచేస్తే సొంత డబ్బుతో కొత్తది కొన్నాడు. ఏటా పాలసీ కాగితం రాగానే అందులో బోనస్ ఉన్న వరుసను అమ్మకు చదివి వినిపించేవాడు, నా మార్కులు ఏనాడూ అంత సంతోషంగా చదవలేదు. ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసినందుకు ఇచ్చిన శాలువా బీరువాలో ఉండేది. బోనస్ మాత్రం ఆయన నోట్లోనే ఉండేది.

మామ చెప్పిన ఉపాయం ఇది. “బోనస్ బండిది కాదప్పా, మనిషిది. మనిషి యాడికి పోతే ఆడికి పోతాది.” పాత కారు అమ్మేసి, ఎర్ర కారును నాయన పేరు మీద రాయిస్తే ఆయన బోనస్ దీనికి వచ్చేస్తుంది, పై ఆఫీసు కూడా నోరు మూసుకుంటుంది. నేను ఎగిరి గంతేశాను. నాయన రెండో కాఫీ కూడా తాగాడు. గ్లాసు కింద పెట్టి, “పేరు నాది, బోనస్ నాది, కాయితాల్లో తోలేది నేనే అని రాస్తారు. మల్ల తోలేది వీడయితే అది అబద్ధం గదప్పా?” అన్నాడు. ఎవరు చూస్తారు బావా అన్నాడు మామ. నాయన కిటికీలోంచి కొండ వైపు చూశాడు. తిరుపతిలో ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పరు, అటు చూస్తారంతే. చివరికి ఆయన తీర్మానం వెలువడింది. పాత కారు అమ్మేస్తాడు, ఎర్ర కారు తన పేరున పెట్టుకుంటాడు, రోజూ తనే నడుపుతాడు. నేను ఆదివారాలు నడపవచ్చు, ఆయన పక్కన కూర్చుంటేనే.

ఆ విధంగా నేను ఊళ్ళోకెల్లా వేగమైన కారుకు అప్పు కడుతూ, దాని ఎడమ సీట్లో కూర్చుని ఉద్యోగానికి పోవడం మొదలుపెట్టాను. పొద్దున్నే నాయన తయారై బయట నిలబడేవాడు. ఆ కారుకు క్లచ్ లేదు. ఇరవై ఏళ్ళు క్లచ్ తొక్కిన ఆయన ఎడమకాలు ఆ విషయం నమ్మక, వెతుక్కుంటూ వెళ్ళి బ్రేకు తొక్కేది, నేను ముందుకు పోయి అద్దానికి దణ్ణం పెట్టుకుని వచ్చేవాణ్ణి. ఆ కాలును లొంగదీశాక నలభైకి మించకుండా పోయేవాళ్ళం. మా కంపెనీ బస్సు మమ్మల్ని రేణిగుంట రోడ్డు మీద రోజూ దాటిపోయేది. లోపలున్నవాళ్ళు కిటికీల్లోంచి చేతులూపేవాళ్ళు, నాయన కూడా మర్యాదగా చెయ్యి ఊపేవాడు. కొండకు పోయినప్పుడైతే ఆయనకు పండగే. కింద గేటు దగ్గర మనం బయలుదేరిన సమయం వేసి చీటీ ఇస్తారు, పెట్టిన గడువుకంటే ముందే పైకి చేరితే జరిమానా. దూకుడుగా వచ్చినవాళ్ళంతా పై గేటుకు కాస్త ముందర బండ్లు ఆపుకుని, కాలం గడవడం కోసం నిలబడి ఉంటారు. నాయన వాళ్ళను జాలిగా చూస్తూ సాగిపోయేవాడు. ఈ దేశంలో తనకోసమే వేసిన రోడ్డు అదొక్కటేనని ఆయన అభిప్రాయం.

ఇక ఆదివారాల సంగతి చెప్పాలంటే, నేను స్టీరింగు పట్టుకుని ఉన్నా నడిపేది ఆయనే. గేదె ఉండాది, గుంత ఉండాది, ముసలామె దాటుతా ఉండాది అని వరసగా చెప్పి, కాసేపు ఏమీ లేకపోతే “బోనస్ ఉండాది, చూసుకో” అనేవాడు. ఒళ్ళో పాలగిన్నె పెట్టుకుని కూర్చున్నట్టు కూర్చునేవాడు. ఆయన్ను తప్పుపట్టలేను. ఇరవై ఏళ్ళు కాపాడుకున్నదాన్ని తీసి కొడుకు సరదా కోసం రోడ్డు మీద పెట్టాడు కదా. అయినా నాకు లోలోపల ఉడికిపోయేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ బస్సులోవాళ్ళు చూస్తుండగా నా కారు నేనే నడపాలని ఉండేది.

దసరాకు ఫ్యాక్టరీలో ఆయుధపూజ వచ్చింది. మా దగ్గర ఆయుధపూజంటే యంత్రాలకు, లారీలకు, ఫోర్క్‌లిఫ్టులకు, ఆఖరికి క్యాంటీను గ్రైండరుకు కూడా బొట్టు పెట్టాల్సిందే. ఉద్యోగుల బండ్లన్నీ ఆవరణలో వరసగా నిలబెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, ముందర కర్పూరం వెలిగించిన బూడిద గుమ్మడికాయతో దిష్టి తీస్తారు. ఆ రోజు కారు నేనే నడుపుతానని నాయనను వారం ముందునుంచి బతిమాలాను. పూజ అయ్యాక తాళం ఇస్తానని ఒప్పుకున్నాడు. అమ్మ కట్టిన బంతిపూల దండతో, గంధం గిన్నెతో నాయన తయారై వచ్చాడు. అందరూ బానెట్టుకు, స్టీరింగుకు బొట్టు పెట్టి ఊరుకున్నారు. నాయన ఊరుకోలేదు. ఏ పనైనా సగంలో వదిలే మనిషి కాదు. గేరుకు పెట్టాడు, అద్దాలకు పెట్టాడు, చివరికి కింద కూర్చుని, బండిని నడిపేది అవే కదా అని బ్రేకుకు, యాక్సిలరేటరుకు కూడా వేళ్ళనిండా గంధం పూసి కుంకుమ అద్దాడు. పక్కన నిలబడి చూస్తున్న నాకు అది భక్తిగానే కనిపించింది.

పూజ చేయడానికి వచ్చిన స్వామి, ఓనరు ఎక్కి నిమ్మకాయలు తొక్కించాలన్నాడు. నేను తాళం కోసం చెయ్యి చాచాను. ఓనరెవరని ఆయన మళ్ళీ అడిగాడు. కాగితాల ప్రకారం నిజం చెప్పక తప్పలేదు. నాయన చెప్పులు విడిచి, పాదాలు కడుక్కుని, తడికాళ్ళతో సీట్లో కూర్చున్నాడు. కారుకు ముందర కొంచెం దూరంలో గుమ్మడికాయ ఉంది, దానిమీద కర్పూరం వెలుగుతోంది. దాన్ని చేతుల్లోకి తీసుకుని తిప్పాల్సిన క్యాంటీను అన్న అప్పుడే పంచె బిగించుకుంటున్నాడు. నాయన గేరు వేసి, బ్రేకు మీదున్న కాలును నెమ్మదిగా వదులు చేశాడట. గంధం మీద తడి పాదం. అది జారి పక్కనున్న యాక్సిలరేటరు మీద పడింది, పడిన కంగారులో గట్టిగా ఊనింది. బెంగళూరు నుంచి వచ్చాక ఆ కారు అంత గొంతెత్తి అరవడం అదే మొదటిసారి. నాలుగు నిమ్మకాయలు నాలుగు దిక్కులకు పోయాయి. క్యాంటీను అన్న పంచె వదిలేసి దూకాడు. కారు వెళ్ళి గుమ్మడికాయను గుద్దుకుంది. నేలకు జానెడు ఎత్తున్న కారు, జానెడున్నర గుమ్మడికాయ. కాయ బంపరును చీల్చుకుని లోపలికి దూరి, అక్కడున్న రేడియేటరునూ ఇంకేదో కూలరునూ పగలగొట్టి ఇరుక్కుపోయింది. కింద నుంచి కర్పూరం పొగ, పైనుంచి రేడియేటరు ఆవిరి. కారు ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఎవరో వెనక నుంచి దిష్టి బాగా పోయింది అన్నారు.

బాగుచేయించడానికి ఎంతవుతుందని చెన్నైలోని వర్క్‌షాపుకు ఫోటోలు పంపితే, వాళ్ళు చెప్పిన అంకె విని పాలసీ మామ తనకు తానే నీళ్ళు తెచ్చుకున్నాడు. క్లెయిమ్ చేయాల్సిందే, చేస్తే నాయన బోనస్ సున్నా. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ టీవీ పెట్టలేదు. నాయన బావి దగ్గర కూర్చుని అరికాలికి అంటిన గంధం రుద్దుతూనే ఉన్నాడు, ఎప్పుడో పోయిన గంధాన్ని. నాకు కారు గుర్తే రాలేదు. ఆయన మొహం చూడలేకపోయాను. క్లెయిమ్ వద్దు నాయనా, నేను ఆఫీసులో అప్పు తీసుకుని కట్టుకుంటాను అన్నాను. ఉన్న అప్పుకే దిక్కులేదని ఇద్దరికీ తెలుసు.

“ఒరే అబ్బోడా,” అన్నాడు నాయన, “ఈ ఇరవై యేండ్లూ నేను కారు తోలినానంటావా? బోనస్‌ను తోలినాను. ఎనక ఎవుడు గీకుతాడో, పక్కన ఎవుడు తగిలిస్తాడో, అద్దాలు సూసుకునేదానికే సరిపోయింది. మీయమ్మ పక్కన కూర్చోని ఏం మాట్లాడిందో గూడా నాకు తెలీదు. క్లెయిమ్ రాయించు. డబ్బు కట్టింది బండి బాగుచేసుకునేదానికి గానీ దాచిపెట్టుకునేదానికి కాదు గదా.” నాకు ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం, తాను మాట్లాడినవన్నీ తనకు గుర్తున్నాయని, కావాలంటే మొదటినుంచి మళ్ళీ చెబుతానని అన్నది.

మరుసటి రోజు నష్టం అంచనా వేయడానికి ఇన్సూరెన్సు కంపెనీ సర్వేయరు ఫ్యాక్టరీకి వచ్చాడు. రాయికి తగిలిందని చెప్పమని మామ నాయనను గేటు దాకా బతిమాలుతూ వచ్చాడు. నాయన నామం దిద్దుకుని, ఉన్నది ఉన్నట్టు, గుమ్మడికాయను గుద్దినానని చెప్పాడు. సర్వేయరు చిత్తూరు మనిషి, నవ్వు ఎరగని ఉద్యోగి. రాసుకుంటూ, “గుద్దేటప్పుడు కాయ కదులుతా ఉండిందా సార్, నిలిచి ఉండిందా?” అని అడిగాడు. కూర్చోని ఉండింది అన్నాడు నాయన. గంధం సంగతి కూడా దాచకుండా చెప్పి, ఆధారంగా పాదం చూపించబోయాడు. సర్వేయరు కాగితాలు మూసి, తన ఉద్యోగంలో నిజం చెప్పిన మనిషి ఎదురైతే ఏ గడిలో రాయాలో తెలియడం లేదన్నాడు. క్లెయిమ్ మాత్రం వచ్చింది.

కారు బాగై చెన్నైలో సిద్ధంగా ఉందని కబురొస్తే నేనూ నాయనా బస్సులో వెళ్ళాము. తిరుగు ప్రయాణంలో నన్నే నడపమన్నాడు. గేదె గురించి చెప్పలేదు, గుంత గురించి చెప్పలేదు. పక్కకు తిరిగి మామిడి తోటలు చూస్తూ కూర్చున్నాడు. ఆయన మనసు విరిగిపోయిందనుకుని నేను నలభైకి మించలేదు. వడమాలపేట దాటాక రోడ్డు ఖాళీగా, వెడల్పుగా వచ్చింది. కారు ఆపమన్నాడు. దిగి, చుట్టూ తిరిగి నా వైపు వచ్చి, తాళం ఇట్లియ్యి అన్నాడు. సీట్లో కూర్చుని, పాదాన్ని పంచెకు తుడుచుకుని, “బోనస్ ఉండాదా?” అని అడిగాడు.

“లేదు నాయనా.”

“అయితే గట్టిగా పట్టుకో.”

ఎంత వేగంతో పోయామో ఇక్కడ రాయను. అంతవరకు ఆ కారు ఏం చేయగలదో నాకు పుస్తకాల్లో చదివిందే గానీ తెలియదని ఆ రోజు అర్థమైంది. మామిడి చెట్లు విడివిడిగా కనిపించడం మానేశాయి. నేను పైనున్న పిడిని రెండు చేతులా పట్టుకుని, మెల్లగా నాయనా, మెల్లగా అని వేడుకుంటున్నాను. ఆయన నవ్వుతున్నాడు. చిన్నగా కాదు, భుజాలు కదిలేటట్టు, పళ్ళన్నీ కనిపించేటట్టు. పుట్టినప్పటినుంచి ఆయనతో ఉన్న నేను ఆ నవ్వు ఎరగను. ఊరు దగ్గరపడి కొండ కనిపించగానే నెమ్మది చేసి, ఒక చేత్తో దణ్ణం పెట్టుకుని, “బాగుండాది గదరా బండి. ఇన్ని దినాలూ నాకు చెప్పనే లేదే నువ్వు” అన్నాడు.

మరుసటి ఏడు పాలసీ కట్టేటప్పుడు నాయన కారును నా పేరు మీదికి మార్పించాడు. బోనసే లేనప్పుడు ఆయన పేరైతేనేమి నా పేరైతేనేమి, తండ్రీకొడుకులు సమానమేనట. మామ నీళ్ళు అడిగి మరీ అంకె చెప్పాడు. పైసా తగ్గింపు లేదు. అంత డబ్బు నాయనలా నవ్వుతూ కట్టిన మనిషిని మామ అంతకుముందు చూడలేదట, తర్వాతా చూడలేదట.

ఎర్ర కారు ఎప్పుడో అమ్మేశాను. ఇప్పుడు నాది తెల్ల కారు, నాలుగు తలుపులు, వెనక పిల్లల సీటు. దారిలో ఎవరైనా కుర్రాడు చప్పుడు చేసుకుంటూ దాటిపోతే ముందు కోపం వస్తుంది, తర్వాత వాడు ఇన్సూరెన్సు ఎంత కడుతున్నాడో అని జాలేస్తుంది, ఆ తర్వాత ఇరవై మూడేళ్ళ నన్ను తలచుకుని నవ్వొస్తుంది. మొన్న తిరుచానూరుకు పోతుంటే నాయన పక్క సీట్లో కూర్చుని ఉన్నాడు. నేను అద్దాలు మార్చి మార్చి చూసుకుంటూ, ఆటోలకు దూరంగా, నలభై మీద పోతున్నాను. ఆయన కాసేపు నన్నే గమనించి, ఇప్పుడు నీకు బోనస్ ఎంతరా అని అడిగాడు. సగం నాయనా, పూర్తిగా వచ్చేసింది అని గర్వంగా చెప్పాను.

“అయ్యో పాపం” అన్నాడు నాయన.